అవునా సార్

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరైనా మంచినీళ్లు అడిగితే ముందు వాళ్ల మాట వాళ్లకే తిరిగి వచ్చేది. ఆ తర్వాతే నీళ్లు.

"కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా" అనేవాడు మా ఆయన.

"మంచినీళ్లు అడిగారు. ఒక గ్లాసు. చల్లటివి కాదు, మామూలువి. అవునా బావగారూ?"

"అవును తల్లీ, అవును. గొంతు ఆర్చుకుపోతోంది."

అప్పుడు గానీ గ్లాసు కదిలేది కాదు. ఇలా మాట తిరిగి చెప్పేది మా మరిది భార్య. ఇంట్లో అందరం తనను చిన్నమ్మాయి అంటాం. ఇది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఆసుపత్రి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే కోడళ్లమిద్దరం నర్సులమే, ఇద్దరిదీ ఒకటే ఆసుపత్రి, ఒకటే వార్డు.

నాకు నోరెక్కువని ఇంటా బయటా పేరు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. చిన్నమ్మాయి నాకు పూర్తిగా తలకిందులు. ఎవరేం చెప్పినా "సరే" అంటుంది. అత్తయ్య చెప్పినా సరే, మొగుడు చెప్పినా సరే, డాక్టరు చెప్పినా సరే. అందుకే అందరికీ తనంటే ముద్దు. అత్తయ్యకు షుగరు. పూటపూటా తిండికి ముందు ఇన్సులిన్ సూది వేసేది చిన్నమ్మాయే. నేను వేస్తానంటే అత్తయ్య ఒప్పుకునేది కాదు. "నీది చెయ్యి కాదే, గునపం" అనేది.

వానలు పట్టుకున్న కొత్తల్లోనే ఆ గొడవ జరిగింది. మాది ఆపరేషన్ల వార్డు. ఒక వడ్రంగి హెర్నియా ఆపరేషన్‌కి వచ్చి చేరాడు. అతనికీ షుగరే. ఆపరేషన్ ఉందని ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. తీరా పొద్దున జరగాల్సిన ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడింది. అలాంటి సమయంలో మా పెద్ద సర్జన్ ఫోన్ చేశాడు. ఆయన్ని మేమంతా పెద్దాయన అంటాం. ఆయన చెయ్యి పడితే రోగి లేచి నడుస్తాడని పేరు, ఆ పేరు అబద్ధమేమీ కాదు. ఆయన నోరు పడితే మాత్రం నర్సు కూలబడుతుంది.

వార్డులో ఉన్నవాళ్లందరి మందులూ గబగబా చెప్పుకుపోయి, వడ్రంగి దగ్గరకొచ్చేసరికి "ఇన్సులిన్ ఎప్పటిలాగే ఇచ్చేయ్" అన్నాడు.

"సార్, ఆయన ఏమీ తినలేదు. ఇవ్వమంటారా?" అని అడిగింది చిన్నమ్మాయి. అడిగింది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత దీన్ని అందరూ మరిచిపోయారు.

"నాకు డాక్టరీ నేర్పుతావా? చెప్పింది చెయ్" అని ఆయన టక్కున ఫోన్ పెట్టేశాడు. అవతల మనిషి లేని ఫోన్‌తోనే చిన్నమ్మాయి "సరే సార్" అంది. సూది వేసింది.

కాసేపటికే వడ్రంగికి ఒళ్లంతా చెమటలు పోశాయి. మాట తడబడింది. పక్కనే ఉన్న భార్యను పట్టుకుని నువ్వెవరని అడిగాడు. ఆ తర్వాత పిలిచినా పలకలేదు. ముందుగా పసిగట్టింది కూడా చిన్నమ్మాయే. వేలు గుచ్చి చూస్తే షుగరు అడుగంటిపోయి ఉంది. తను కేక పెట్టింది, నేను గ్లూకోజు పట్టుకుని పరిగెత్తాను, డ్యూటీ డాక్టరు వచ్చి నరంలోకి ఎక్కించాడు. ముగ్గురం మంచం చుట్టూ నిలబడి ఉంటే, వడ్రంగి మెల్లగా కళ్లు తెరిచి "ఆపరేషన్ అయిపోయిందా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. చిన్నమ్మాయి నవ్వలేదు.

విచారణలో పెద్దాయన "భోజనం అయ్యాక ఇవ్వమన్నాను" అన్నాడు. తను అడిగిన మాట, ఆయన కసిరిన మాట రెండూ గాల్లో కలిసిపోయాయి. ఆ సమయంలో చిన్నమ్మాయి పక్కన ఎవరూ లేరు, ఫోన్‌లో మాటకు సాక్ష్యం ఎవరు చెప్తారు? తనను వార్డులోంచి తీసేసి దుప్పట్లు ఉతికించి మడతపెట్టే గదిలో వేశారు. అంతటితోనూ ఆగలేదు. నర్సులు తెలిసి ఉండాల్సిన విషయాలే మరిచిపోతున్నారట, కాబట్టి అందరికీ మళ్లీ క్లాసులట, వానాకాలం చివర పరీక్షట. అందులో తప్పినవాళ్లను ఉద్యోగంలో ఉంచాలో వద్దో అప్పుడు ఆలోచిస్తారట. ఆ తప్పబోయేవాళ్లెవరో చెప్పకుండానే అందరికీ అర్థమైంది. ఆ ఉత్తర్వు కింద సంతకం పెద్దాయనదే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున అత్తయ్య ఎప్పటిలాగే మంచం మీద సర్దుకుని కూర్చుంది. చిన్నమ్మాయి సిరంజి తీసింది, మందు లాగింది, వేలితో కొట్టి గాలిబుడగ పైకి పంపింది. అక్కడితో ఆగిపోయింది. చెయ్యి ముందుకు రాలేదు.

"అక్కా, నువ్వు వెయ్యి" అని సిరంజి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అత్తయ్య నా గునపానికి కిక్కురుమనకుండా ఒళ్లప్పగించింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆ మౌనం చూసి నాకు నిజంగా భయమేసింది.

క్లాసులు మొదలయ్యాయి. పాఠం చెప్పడానికి నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చిన టీచరు మాకందరికీ చెల్లెలి వయసుది, గొంతు పీల. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, మందు వెళ్లే సరైన దారి, సరైన వేళ అని బోర్డు మీద రాసింది. నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతులు ఇవి. మాకు నేర్పడానికి వచ్చిందండీ ఈవిడ అని మొహాలు మాడ్చుకుని కూర్చున్నాం.

అప్పుడావిడ "రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నాడో మీలో ఎంతమంది నిజంగా లెక్కపెడుతున్నారు?" అని అడిగింది.

గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఎందుకంటే చార్టులో ఊపిరి లెక్క రాసే గడిలో మేమంతా అందరికీ ఇరవై అని రాసేస్తాం. మంచంలో ఉన్నది ముసలాయనైనా ఇరవయ్యే, పడుచువాడైనా ఇరవయ్యే. మా వార్డు మొత్తం ఒకే ఊపిరితో బతుకుతోందని కాగితాల్లో ఉంటుంది. ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. టీచరు కూడా నవ్వింది. నిజం ఒప్పుకోవాలి, కొన్ని విషయాలు మాకూ తుప్పుపట్టాయి. ఆ క్షణం నుంచి నేను చెవులు రిక్కించి విన్నాను.

"ఫోన్‌లో ఆర్డరు తీసుకుంటే అక్కడికక్కడే రాసుకోవాలి. రాసుకున్నది వాళ్లకు తిరిగి చదివి వినిపించాలి. అవతలివాళ్లు అవునన్నాకే అమలు చేయాలి. అనుమానం ఉంటే మందు ఇవ్వకూడదు" అని చెప్పుకుపోతోంది.

నేను చెయ్యెత్తాను. "తిరిగి చదివేలోపే ఫోన్ పెట్టేస్తే?"

"మళ్లీ చేయాలి."

"మళ్లీ పెట్టేస్తే?"

"మళ్లీ చేయాలి."

"తిడితే?"

టీచరు తలుపు వైపు చూసింది. అక్కడ మా హెడ్ సిస్టర్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. టీచరు పుస్తకంలో పేజీలు అటు తిప్పింది, ఇటు తిప్పింది. "తిట్ల గురించి ఇందులో ఏమీ రాయలేదండీ. మళ్లీ ఫోన్ చేయాలనే ఉంది" అంది.

గది గొల్లుమంది. వెనక వరసలో చిన్నమ్మాయి మాత్రం తల వంచుకుని ఆ మాట రాసుకుంటోంది.

టీ తాగేటప్పుడు అందరూ నా చుట్టూ చేరారు. ఒకరు సమ్మె అన్నారు, ఒకరు కోర్టు అన్నారు. రోగుల్ని వదిలేసి బయట కూర్చునే రకం కాదు మేం, ఆ సంగతి మాకూ తెలుసు, పైవాళ్లకూ తెలుసు. ఆ ధీమాతోనే వాళ్లు మా నెత్తిన ఎక్కి కూర్చున్నారు.

"సమ్మె ఎందుకు? క్లాసులో చెప్పింది చెప్పినట్టు చేద్దాం. పొల్లు పోకుండా చేద్దాం. ప్రతి ఆర్డరూ తిరిగి చెబుదాం. అవునంటేనే కదులుదాం" అన్నాను.

అందరం హెడ్ సిస్టర్ వైపు చూశాం. ఆవిడ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎటూ తేల్చకుండా మాట్లాడటంలో ఆరితేరింది. కప్పులో మిగిలిన టీ తాగి, "నేర్చుకున్నది ఆచరణలో పెడతామంటే నేనెలా కాదంటానమ్మా?" అని లేచి వెళ్లిపోయింది.

ఇంట్లో చిన్నమ్మాయి పుస్తకం ముందేసుకుని కూర్చునేది గానీ చదివింది తలకెక్కేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట వాన కుమ్మరిస్తుంటే, అత్తయ్య వచ్చి ఆ పుస్తకం మూసేసింది. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

"నంబరు తిరిగి చెప్పకుండా లైను కలిపితే మా సూపర్‌వైజరు నా తోలు తీసేది. మీ ఆసుపత్రిలో ఇదంత చోద్యమేమిటే?" అంది. "చదివింది చాలు, లే. నేను డాక్టర్ని. నీ మొగుడు రోగి. నువ్వు నర్సువి. పెద్దమ్మాయ్, నువ్వు కాస్త నోరు మూసుకో."

మా మరిదిని మంచం మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పాం. పాపం, ఎక్కడో ఫ్యాన్ బిగించడానికి బయలుదేరబోతున్నవాడు, జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"అమ్మా, ఇంతకీ నాకేం జబ్బు?" అన్నాడు.

"అడక్కు. రోగివి రోగిలా పడుండు" అని అత్తయ్య కళ్లజోడు ముక్కు చివరకు లాక్కుని, ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. చిన్నమ్మాయి ఫోన్ మోగింది.

"ఏయ్ సిస్టర్! ఆ మంచం మీద వెధవకి ఇన్సులిన్ పొడిచేయ్" అని గోడ అవతల నుంచీ ఫోన్‌లోంచీ ఒకేసారి వినపడింది. టక్.

"సరే సా..." అని చిన్నమ్మాయి ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. మరిది దుప్పటి తోసి లేవబోయాడు.

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏడిస్తే తర్వాత ఏడువు, ముందు మళ్లీ చెయ్. ఉద్యోగం చేసినన్నాళ్లూ జనం నా చెవిలో టక్కున పెట్టేస్తూనే ఉన్నారు. పెట్టేస్తే పోయేది వాళ్ల మర్యాద. నీదేం పోతుంది?"

చిన్నమ్మాయి మళ్లీ చేసింది. అత్తయ్య పెట్టేసింది. మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేసింది. ఈసారి పెట్టేసేముందు నాలుగు తిట్లు కూడా తిట్టింది, అవి అచ్చంగా పెద్దాయన తిట్లే. అత్తయ్య ఆయన్ని ఎన్నడూ చూడనైనా లేదు, ఎలా పట్టిందో నాకు తెలియదు. వాన వెలిసింది. మరిది నిజంగానే నిద్రపోయాడు. చివరకు చిన్నమ్మాయి ఫోన్‌లో కాస్త గట్టిగా "పెట్టేయకండి. నేను ఇంకా చెప్పలేదు" అంది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆ తర్వాత "చెప్పు" అని వినపడింది.

"ఇన్సులిన్ ఇవ్వమన్నారు. పేషెంటు తినలేదు. తినందే ఇవ్వను."

అత్తయ్య గరిటె పట్టుకుని బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు, "అందరూ తినడానికి రండి" అంది.

ఆ రోజు నుంచి ఇల్లంతా ఆ అలవాటు పాకింది. ఎవరేమడిగినా చిన్నమ్మాయి తిరిగి చెప్పడం, "అవునా?" అనడం. కొన్నాళ్లకు అత్తయ్యకే దెబ్బ తగిలింది. ఒక సాయంత్రం డబ్బాలోంచి తీపి బిస్కెట్టొకటి ఇమ్మని అడిగింది.

"తీపి బిస్కెట్టు అడిగారు. పొద్దున షుగరు ఎక్కువుంది. ఇవ్వను అత్తయ్యా."

"నాకే ఎదురు చెప్తావా?"

"మీరే కదా నేర్పారు."

తను తీసిన గోతిలో తనే పడ్డానని అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది. చెప్పుకునేటప్పుడు మొహం మాత్రం వెలిగిపోయేది. ఇంత జరిగినా సిరంజి దగ్గరకొచ్చేసరికి చిన్నమ్మాయి చెయ్యి ఆగిపోయేది. అత్తయ్యకు రెండు పూటలా నా గునపమే గతి.

వార్డులో మా పని మొదలుపెట్టాం. పెద్దాయన రౌండ్స్‌కి వచ్చాడు. ఆయన రౌండ్స్ అంటే గాలివాన, ఇటు వచ్చి అటు పోతుంది. మొదటి మంచం దగ్గర ఏదో చెప్పి రెండో మంచం వైపు అడుగేశాడు.

"ఈ మాత్ర ఆపమన్నారు, ఇంకొకటి రాత్రికి మొదలుపెట్టమన్నారు, కట్టు రేపు విప్పమన్నారు. అవునా సార్?" అంది అక్కడున్న నర్సు.

ఆయన విననట్టు నడిచాడు. ఆ అమ్మాయి మంచం వదలకుండా "అవునా సార్?" అని మళ్లీ అడిగింది. ఆయన అవును అంటే గానీ రెండో మంచం దగ్గరి నర్సు కేసు కాగితం అందివ్వలేదు. అక్కడా అంతే. మూడో మంచం దగ్గరా అంతే. నాలుగో మంచం మీదున్న ముసలమ్మ మాకు వంత పాడింది. "ఆ పిల్ల అవునా అని అడుగుతోంది కద నాయనా, ఏదో ఒకటి చెప్పరాదూ" అంది.

"నేను రౌండ్స్‌కి వచ్చానా, బడికి వచ్చానా? అందరూ ఎక్కాలు ఒప్పజెప్తున్నారేమిటి!" అని పెద్దాయన హెడ్ సిస్టర్ మీద విరుచుకుపడ్డాడు.

"క్లాసుల్లో ఇలాగే చేయమన్నారు సార్. మీరు సంతకం పెట్టిన క్లాసులే" అంది ఆవిడ, వెన్నలాంటి గొంతుతో.

ఆయనకు కోపం వచ్చింది నిజమే. ఇంకొకటి కూడా నిజం. ఆ వారంలోనే ఒకసారి తొమ్మిదో మంచం దగ్గర నిలబడి పక్క మంచం మనిషి మందు చెప్పాడు. నేను తిరిగి చదివితే ఆగిపోయాడు, కాగితం చూశాడు. "అది పదో మంచానికి" అన్నాడు. "పదో మంచానికి. అవునా సార్?" అన్నాను. "అవును" అన్నాడు పళ్లు బిగించి. మేమెవరమూ నవ్వలేదు. మనిషన్నాక పొరపడతాడు, పట్టుకోవడానికేగా పక్కన ఇంకో మనిషి ఉండేది. కానీ ఆ సంగతి ఆయన ఒప్పుకోడు, అక్కడే నాకు కడుపు మండేది.

పరీక్ష దగ్గరపడ్డాక సూపరింటెండెంటు నన్ను గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. నర్సును కూర్చోమన్నాడంటేనే ఏదో తేడా ఉందనుకున్నాను.

"వార్డులో నీ మాట చెల్లుతుంది సిస్టర్. ఈ అవునా సార్ పాట ఇక ఆపించు. రౌండ్స్ మధ్యాహ్నం దాటుతున్నాయి. ప్రాక్టికల్ పరీక్ష పెద్దాయనే తీసుకుంటున్నారు. మీరు సర్దుకుపోతే మీ ఇంటి అమ్మాయికి ఏ ఇబ్బందీ ఉండదు."

"సర్దుకుపోకపోతే?"

"ఆయన సంగతి నీకు తెలియందేముంది?" అన్నాడు, బల్ల మీదున్న పెన్ను అటూ ఇటూ జరుపుతూ.

లేచి వచ్చేశాను. పోయేది నా ఉద్యోగమైతే అక్కడే నాలుగు కడిగేసి వచ్చేదాన్ని. తనది పణంగా పెట్టి మాట్లాడే హక్కు నాకెక్కడిది? బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ కిటికీ మీద వాన కారుతుంటే ఆ ప్రశ్నే నమిలాను.

ఆ సాయంత్రం అందరూ ఉండగా చెప్పేశాను. మా ఆయన వెంటనే ఆపేయమన్నాడు. మరిది "ఉద్యోగం పోతే మళ్లీ ఎవరిస్తారు వదినా?" అన్నాడు. అందరం అత్తయ్య వైపు చూశాం. ఇంట్లో ఏ సంగతైనా అత్తయ్య తేల్చాల్సిందే, మేం సరే అనాల్సిందే. అదీ మా ఇంటి పద్ధతి.

"నన్ను చూస్తారేం? ఉద్యోగం దానిది. దాన్నడగండి" అంది అత్తయ్య.

చిన్నమ్మాయి కంచాలు సర్దుతోంది. చేతిలో కంచం కింద పెట్టి నావైపు తిరిగింది.

"సరే సార్ అని పాసైతే, మళ్లీ సరే సార్ అనే వార్డుకే కదా అక్కా నేను వెళ్లేది? దానికంటే దుప్పట్లే నయం. వాటి గురించి ఎవరేం చెప్పినా అవి చావవు."

అత్తయ్య సూది వేళయింది. నేను సిరంజి కోసం అలమర వైపు చెయ్యి చాచాను. నాకంటే ముందు చిన్నమ్మాయి చెయ్యి వెళ్లింది.

"అత్తయ్యా, భోజనం వడ్డించి ఉంది. మీరు ఇప్పుడే తింటారు. అవునా?"

"అవును" అంది అత్తయ్య.

సూది పడింది. అత్తయ్య కంచం ముందు కూర్చుని, నావైపు ఓరగా చూసి, "గునపాన్ని ఇక కడిగి దాచుకో" అంది. అందరం భోజనానికి కూర్చున్నాం.

పరీక్ష రోజున గదిలో మంచం మీద ఒక ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టారు. ఒక పక్క కుర్చీలో పెద్దాయన, ఇంకో పక్క టీచరు. ప్రశ్నలు టీచరు రాసినవి, చదివి ఆర్డరిచ్చేది పెద్దాయన. మేమంతా వరండాలో వరసగా నిలబడ్డాం, తలుపు తీసే ఉంది. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందు ఇవ్వాలంటే ఇద్దరు నర్సులు చూడాలని క్లాసుల్లో చెప్పారు కాబట్టి, చిన్నమ్మాయి వంతు వచ్చినప్పుడు రెండో నర్సుగా వరసలో వెనకే ఉన్న నన్ను లోపలికి రమ్మన్నారు.

పెద్దాయన చేతిలో అట్టముక్క తీసుకుని చదివాడు. "ఈ పేషెంటుకు ఎప్పటిలాగే ఇన్సులిన్ ఇచ్చేయ్" అన్నాడు. అప్పుడు ఆయన చూపు మంచానికి వేలాడుతున్న బోర్డు మీద పడింది. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు అని ఉంది దాని మీద. ఆయన తలెత్తి టీచరు వైపు చూశాడు. టీచరు పెన్ను మూత తీస్తోంది.

"ఇన్సులిన్ ఎప్పటిలాగే ఇవ్వమన్నారు. పేషెంటు ఏమీ తినకూడదని బోర్డుంది. తినని మనిషికి ఈ మందిస్తే షుగరు పడిపోతుంది. ఇవ్వను సార్. ఆర్డరు మార్చండి" అంది చిన్నమ్మాయి.

పెద్దాయన మొహం ఎర్రబడింది. "నేను చెప్తున్నాను, ఇవ్వమని."

"విన్నాను సార్. ఇవ్వను."

"టైమైపోతోంది."

"అయిపోనివ్వండి సార్."

తను రెండు చేతులూ మంచం కమ్మీ మీద ఆనించి, ఆ ప్లాస్టిక్ బొమ్మకు అడ్డంగా నిలబడింది. గంట మోగింది. పెద్దాయన అట్టముక్క బల్ల మీద పడేశాడు.

"ఆర్డరు అమలు చేయలేదు. ఫెయిల్."

టీచరు లేచి నిలబడింది. పీల గొంతు ఇంకా పీలగా వచ్చింది, కానీ వచ్చింది. "సార్, ఈ ప్రశ్నకు ఇవ్వకపోవడమే జవాబు."

వరండాలోంచి ఎవరో గట్టిగా, "ఇవ్వకపోవడమే జవాబన్నారు. అవునా మేడమ్?" అన్నారు. ఆ వెంటనే వరస వరసంతా అదే అడిగింది. "అవునా మేడమ్?"

"అవును" అంది టీచరు, ఈసారి అందరికీ వినపడేలా. కూర్చుని మార్కులు వేసింది. పెద్దాయన సంతకం పెట్టకుండా ఎటు పోతాడు, క్లాసులూ ఆయనవే, పరీక్షా ఆయనదే. పెట్టాడు. గదిలో నేను నోరు తెరవలేదు, నా అవసరం ఎవరికీ పడలేదు.

క్షమాపణలేమీ రాలేదు. విచారణలో రాసిన అబద్ధాన్ని ఎవరూ కొట్టేయలేదు, అది ఇప్పటికీ ఏదో బీరువాలో పడుంటుంది, తలుచుకుంటే నాకిప్పటికీ రక్తం ఉడుకుతుంది. నన్ను వేరే అంతస్తుకు మార్చమని ఒక కాగితం వచ్చిందట, దాన్ని హెడ్ సిస్టర్ ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. పెద్దవయసు కదా, మతిమరుపు సహజం. చిన్నమ్మాయికి మాత్రం వార్డు తిరిగి వచ్చింది.

తను మొదటి డ్యూటీకి వచ్చిన పొద్దున వాన లేదు. కిటికీలన్నీ తెరిచాం. ఫోన్‌లో ఆర్డరు వస్తే స్పీకరులో పెట్టి, పక్కన ఇంకో నర్సు ఉండి వినాలని మాలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్ మోగింది. చిన్నమ్మాయి తీసింది, నేను పక్కన నిలబడ్డాను. పెద్దాయన ఎప్పటిలాగే గబగబా చెప్పుకుపోయాడు. ఆ రోజు ఆపరేషన్ ఉన్న ఒకామెకు కూడా షుగరుంది. ఆమె మందుల్లో ఇన్సులిన్ కూడా చెప్పేశాడు.

"సార్, తిరిగి చదువుతున్నాను..."

టక్.

చిన్నమ్మాయి నంబరు నొక్కింది. "సార్, ఆర్డరు తిరిగి..."

టక్.

వార్డులో మందుల బండి ఆగిపోయింది. నర్సులు ఆగిపోయారు. మంచాల మీద లేవగలిగినవాళ్లు లేచి కూర్చున్నారు. చిన్నమ్మాయి మళ్లీ నొక్కింది. అవతల మోగింది, మోగుతూనే ఉంది. తియ్యడనుకున్నాను. తీశాడు. 

"ఆ పేషెంటు ఏమన్నా తిన్నదా?" అన్నాడు.

వానలు మొదలైన కొత్తల్లో తను అడిగితే తిట్లు తిన్న ప్రశ్న అది. చిన్నమ్మాయి నావైపు చూసింది. నేను తల ఊపాను.

"లేదు సార్."

"అయితే ఇన్సులిన్ ఇవ్వకు."

"ఇన్సులిన్ ఇవ్వొద్దన్నారు. ఇవ్వను. అవునా సార్?"

"అవును" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "సిస్టర్, నువ్వు..." అని ఇంకేదో అనబోయాడు.

చిన్నమ్మాయి ఫోన్ పెట్టేసింది.